ఆరు పెట్టెల ఐసు

గ్లెనిస్ ముందు కుడిచేతిని తొడకు తుడుచుకుంటుంది. తర్వాత జేబులోంచి ఫోను తీసి, తెర మీద బొటనవేలు ఆనించి కిందికి లాగుతుంది. ఆగుతుంది. మళ్ళీ లాగుతుంది. మొదటిసారి వేలు చల్లగా ఉండి తెర కదలదు. ఐసు గదిలో పనిచేసేవాళ్ళ వేళ్ళు అంతే. రెండోసారికి పలక వస్తుంది. పేర్లన్నీ పైనుంచి కిందికి చూస్తుంది. ఫోను జేబులో పెట్టుకుని పార అందుకుంటుంది.

రోజుకు ఎన్నిసార్లు అలా చూస్తుందో ఆమెకే తెలియదు. వాళ్ళ అమ్మమ్మ చర్చిలో శిలువ గుర్తు వేసుకున్నన్నిసార్లు అనేవాడు ఆమె భర్త ఆల్బీ. పోయిన జూన్ తర్వాత అతను ఆ మాట అనడం మానేశాడు.

కెల్డర్ బేలో సహకార సంఘం ఐసు గది పంతొమ్మిదేళ్ళుగా ఆమె చేతుల్లో ఉంది. నాలుగున్నరకు ఇనుప తలుపు తీస్తుంది. గాలం పడవల వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఖాళీ పెట్టెలు గుమ్మం ముందు పెడతారు. ఆమె పారతో నింపుతుంది. ఎక్కువ మాటలుండవు. ఉత్తరపు తిన్నె దాకా పోయి మధ్యాహ్నానికి తిరిగొచ్చేవాడికి రెండు పెట్టెలు చాలు. దక్షిణాన లోతురాళ్ళ దాకా పోయేవాడికి ఐదో ఆరో కావాలి. అంత దూరం నుంచి చేపను చెడకుండా తేవాలి మరి. ఎవరు ఎటు పోతున్నారో ఐసు గదికి ఇట్టే తెలిసిపోతుంది.

తెలిసినా చెప్పకూడదు. గ్లెనిస్‌కు ముందు ఆ గదిలో పనిచేసినవాడు ఒకసారి పబ్బులో నోరు జారాడు. మర్నాటి నుంచి ఊళ్ళో అతని పలకరింపుకు బదులిచ్చినవారు లేరు. రెండు నెలలు ఓర్చుకుని ఊరు వదిలి వెళ్ళిపోయాడు. గ్లెనిస్‌కు తాళంచెవి ఇచ్చేటప్పుడు సంఘం పెద్దలు జీతం గురించి కంటే ఆ మనిషి గురించే ఎక్కువసేపు చెప్పారు.

పలక మొదట్లో నిజం పలకే. రేవు దగ్గర పాత షెడ్డు గోడకు వేలాడేది, సుద్దముక్క దారంతో కట్టి ఉండేది. షెడ్డు కూలగొట్టాక డెస్మండ్ ట్రాస్క్ దాన్ని సైటులోకి ఎక్కించాడు. డెస్మండ్ ఊరి బడికి హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. చిన్న పడవల వాళ్ళ కోసం ఆ సైటు నడిపేది ఆయనొక్కడే. గాలులు, ఆటుపోట్లు, అమ్మకానికి పాత ఇంజన్లు, అన్నీ అందులో ఉంటాయి. కానీ జనం చూసేది పలకనే. బయల్దేరేటప్పుడు పేరు, పోయే చోటు, తిరిగొచ్చే టైము రాయాలి. ఒడ్డు చేరాక ఒక బొత్తం నొక్కాలి. నొక్కితే పేరు ఆకుపచ్చగా మారుతుంది. టైము దాటినా నొక్కకపోతే ఎర్రబడుతుంది.

పలక మీద టైము నిజం, చోటు అబద్ధం. ఇది ఊళ్ళో పసిపిల్లలకూ తెలుసు. చేప పడే చోటు దొరికినవాడు దాన్ని కన్నతండ్రికి కూడా చెప్పడు. ఉత్తరం పోతే తూర్పు అని రాస్తాడు, తూర్పు పోతే దక్షిణం అని. సుద్దముక్క రోజుల నుంచీ అంతే. ఇంట్లో మాత్రం నిజం చెప్పి పోతాడని అందరూ అనుకునేవారు. అనుకోవడమే తప్ప, ఒకరినొకరు అడిగింది లేదు.

పోయిన జూన్‌లో క్లిఫ్ హారో ‘ఉత్తరపు తిన్నె, మూడు గంటలకు’ అని రాసి పోయాడు. మూడింటికి అతని పేరు ఎర్రబడింది. వేరే ఆనవాలు ఏదీ లేక నాలుగింటికి రక్షక పడవ, దాని వెనక మా ఊరి పడవలు తొమ్మిది ఉత్తరానికి కదిలాయి. మా వైపు జూన్ అంటే చలికాలం, ఐదింటికే చీకటి. మర్నాడు పొద్దున తొమ్మిదిన్నరకు గాలింపు విమానం వాళ్ళకు దక్షిణాన లోతురాళ్ళ పక్కన బోర్లాపడిన పడవ కనిపించింది. క్లిఫ్ దాని తాడు మణికట్టుకు చుట్టుకుని ఉన్నాడు. నీళ్ళలో ఏడెనిమిది గంటలైనా ప్రాణంతో ఉండి ఉంటాడని డాక్టరు అన్నాడు.

ఆ రోజు తెల్లవారుజామున ఐదుంబావుకు క్లిఫ్‌కు ఆరు పెట్టెల ఐసు పోసింది గ్లెనిస్.

ఆ రోజు పలక మీద పేర్లే చూస్తూ వచ్చిన ఆమె, క్లిఫ్ రాసిన చోటు చదివేసరికి సాయంత్రం నాలుగైంది. ఉత్తరపు తిన్నె అని ఉంది. ఆరు పెట్టెలు గుర్తొచ్చాయి. ఫోను చేతిలోనే ఉంది. ఇంకెవరికోసమో కలిపి తీసుకున్నాడేమో అనుకుంది. అతని భార్య వెర్నాకు నిజం చెప్పి పోయి ఉంటాడు, ఆమె పోలీసులకు చెప్పే ఉంటుంది, అయినా ఉత్తరానికే పోయారంటే తనకు తెలియనిది ఏదో ఉండే ఉంటుంది అనుకుంది. పబ్బులో నోరు జారిన మనిషి గుర్తొచ్చాడు. అలా అనుకుంటూ ఉండగానే చీకటి పడింది. చీకటి పడ్డాక చెప్పడం ఇంకా కష్టమైంది. ఇంతసేపు ఎందుకు ఊరుకున్నావంటారు. తెల్లారాక చెప్పాల్సిన పనే లేకపోయింది.

అంత్యక్రియలయ్యాక ఒక గిన్నె నిండా గుమ్మడికాయ సూపు తీసుకుని వెర్నా ఇంటికి వెళ్ళింది. వారం తర్వాత వెర్నా గిన్నె కడిగి, అందులో తన పెరటి నిమ్మకాయలు నాలుగు వేసి తిరిగిచ్చింది. గ్లెనిస్ వాటిని కోయలేకపోయింది. పారేయలేకపోయింది. అవి వంటింటి కిటికీలో ఎండి గోధుమరంగుకు తిరిగాయి.

ఎనిమిది నెలలు గడిచాయి. ఫిబ్రవరిలో ఒక సోమవారం డెస్మండ్ సైటులో పెద్ద అక్షరాలతో ఒక ప్రకటన పెట్టాడు. పలకను తీసేయాలని తన ఆలోచన. మరణ విచారణలో అధికారి తనను అడిగారట, అబద్ధాలే రాస్తారని అందరికీ తెలిసిన ‘చోటు’ గడిని ఎందుకు ఉంచావని. పలకను నమ్ముకుని జనం ఎటు పోతున్నదీ రేడియో గదికి చెప్పిపోవడం మానేశారు. రేపు ఇంకొకరు పోతే తనకు నిద్ర పట్టదు. అందరూ చర్చించండి, శుక్రవారం సాయంత్రం ఆరింటికి ఓటు ముగుస్తుంది అని రాశాడు.

ఐదు నిమిషాల్లో నెవ్ టల్లీ రాశాడు. నెవ్ ఒకప్పుడు డెస్మండ్ దగ్గరే చదువుకున్నాడు, ఇప్పుడు యాభై దాటాయి.

“సారూ, పలక తీసేస్తే మా ఆవిడ నన్ను పబ్బులో వెతుకుతుంది. నేనుండేదీ అక్కడే, అది వేరే సంగతి.”

నవ్వులు వచ్చాయి. తర్వాత నవ్వులు తగ్గాయి. రేడియో గదిలో వాలంటీర్లు ఐదింటికే తలుపేసుకుని పోతారు, ఆ తర్వాత ఎవరికి చెప్పాలి అని ఒకరు అడిగారు. పలక ఉండబట్టే మూడేళ్ళ కింద తన తమ్ముణ్ణి చీకటి పడకముందే పట్టుకొచ్చారని ఇంకొకరు గుర్తుచేశారు. అదృష్టం బాగుండి ఆ రోజు వాడు నిజం రాశాడు అని వేరొకరు అందుకున్నారు. అలాగైతే అందరూ నిజమే రాయండి అని ఊరికి కొత్తగా వచ్చిన ఒకాయన సలహా ఇచ్చాడు. నిజం రాస్తే మర్నాటికి అక్కడ పదకొండు పడవలుంటాయి, చేప ఒక్కటీ ఉండదు అని నెవ్ బదులిచ్చాడు. పోనీ నిజం డెస్మండ్‌కు ఒక్కడికే కనిపించేలా చేస్తే సరిపోతుంది కదా అన్నాడు కొత్తాయన. డెస్మండ్‌కూ పడవ ఉంది అని ముగ్గురు ఒకేసారి రాశారు.

గ్లెనిస్ అన్నీ చదివింది. ఒక్క ముక్క రాయలేదు. ఆమె ఆ సైటులో ఎప్పుడూ రాయలేదు, చూడడమే. ఐసు తోడుతూ తోడుతూ ఆగి, చెయ్యి తుడుచుకుని, రెండుసార్లు లాగి, పలకతో పాటు ఆ వారం వాదన కూడా చూసేది. మంగళవారం రాత్రికి ఓట్లు పలక ఉండాలనే వైపే మొగ్గాయి. ఆమెకు కాస్త ఊపిరి ఆడింది. ఆల్బీకి అరవైనాలుగేళ్ళు. ఒక్కడే పోతాడు. పలక లేకుండా పొద్దున ఐదు నుంచి సాయంత్రం నాలుగు దాకా ఎలా గడపాలో ఆమెకు తెలియదు.

బుధవారం మధ్యాహ్నం వెర్నా రాసింది. ఆమె కూడా అంతకుముందు ఎప్పుడూ రాయలేదు.

“నేను వెర్నా హారోని. పలక తీసేయండి. క్లిఫ్ నాకు కూడా చెప్పలేదు. ఆ రోజు అతను ఎటు పోయాడో ఊళ్ళో ఒక్కరికీ తెలియదు. తెలిసే దారే లేదు. తెలుసని మనల్ని నమ్మించింది ఆ పలకే. ఎవరి తప్పూ లేదు. తీసేయండి, అంతే.”

గ్లెనిస్ దాన్ని ఐసు గదిలో నిలబడి చదివింది. వెనక యంత్రం ముక్కలు కక్కుతోంది. ఒక్కరికీ తెలియదు అన్నచోట ఆమె కళ్ళు ఆగిపోయాయి. తనను ఎవరో భుజం పట్టుకుని గోడకు తిప్పినట్టనిపించిందని తర్వాత మాతో చెప్పింది.

వెర్నా రాశాక ఎవరూ జోకులు వేయలేదు. నెవ్ కూడా. ఉండాలన్నవాళ్ళు ఒక్కొక్కరే ఓటు మార్చుకున్నారు. భర్తను పోగొట్టుకున్న మనిషి మాట కాదని ఎలా అంటారు? గురువారానికి లెక్క తలకిందులైంది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర గ్లెనిస్ ఆల్బీని అడిగింది. రేపు ఎటు పోతున్నావని. పెళ్ళయిన ముప్పైఎనిమిదేళ్ళలో అడగడం అదే మొదలు. ఆల్బీ మాంసం కూరిన రొట్టె అంచు విరుచుకుంటూ నవ్వాడు.

“నన్నడుగుతావేం? పెట్టెలు నింపేది నువ్వేగా. నాకంటే ముందు నీకే తెలుసు.”

గ్లెనిస్ చెంచా కింద పెట్టింది. ఆల్బీ తలెత్తి చూశాడు. ఆమె ముఖం చూసి నమలడం ఆపాడు.

“క్లిఫ్ ఆ రోజు ఆరు తీసుకున్నాడు” అంది.

ఆల్బీకి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక కిటికీ వైపు చూశాడు. అక్కడ ఎండిన నిమ్మకాయలున్నాయి. వాటి గురించి అతను ఎప్పుడూ అడగలేదు.

“ఇంకెవరికైనా చెప్పావా?”

“లేదు.”

“చెప్పకు.”

“వెర్నా ఒక్కరికీ తెలియదని రాసింది ఆల్బీ.”

“రాసుకోనీ. అలా అనుకుంటేనే ఆమెకు నిద్ర పడుతుంది. నువ్వు చెబితే ఏమవుతుంది? క్లిఫ్ లేచొస్తాడా? నీ దగ్గర ఐసు తీసుకునేవాడు ఉండడు. నన్ను ఈ రేవులో పడవ కట్టనివ్వరు. మనం ఎటు పోతాం ఈ వయసులో?”

అతను కోపంగా అనలేదు. భయంగా అన్నాడు. ఆల్బీకి భయం ఉంటుందని ఆమెకు అప్పటిదాకా తెలియదు. ఇద్దరూ పళ్ళేలు కడిగి పడుకున్నారు. ఇద్దరికీ నిద్ర పట్టలేదు, ఇద్దరూ పట్టినట్టే కదలకుండా ఉన్నారు.

శుక్రవారం పొద్దున ఆల్బీ మూడు పెట్టెలు తీసుకున్నాడు. పలక మీద తూర్పు మడుగు, నాలుగు గంటలకు అని రాశాడు. మూడు పెట్టెలంటే తూర్పు మడుగు కాదు. గొర్రెల దీవి వెనక సుడి దగ్గరికి. ఇద్దరికీ తెలుసు. ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకోలేదు.

నాలుగైంది. ఆమె రెండుసార్లు లాగింది. ఆల్బీ పేరు ఎర్రబడింది. నాలుగుంబావుకూ ఎరుపే. పడమటి గాలి లేచింది, రేవులో తాళ్ళు కొట్టుకుంటున్నాయి. ఆలస్యం కావడం కొత్త కాదు. చేప కడుగుతూ బొత్తం నొక్కడం మరిచిపోతాడు. ఆ మాట తనకు తాను చెప్పుకుంది. నాలుగున్నర. ఐసు గది గుమ్మంలో నిలబడితే రేవు కనిపించదు, సంఘం గోడ అడ్డం. వెళ్ళి చూడొచ్చు. వెళ్ళలేదు. వెళితే అతని పడవ కట్టేచోటు ఖాళీగా కనిపిస్తుందేమో.

ఇప్పుడు ఎవరైనా వచ్చి ఎటు పోయాడని అడిగితే చెబుతానా అనుకుంది. చెబుతాను. గొర్రెల దీవి వెనక అని ఊరంతా వినేలా అరుస్తాను. సుడి దగ్గర చేపంతా ఊరు పంచుకుంటే పంచుకోనీ. ఒక్క క్షణం ఆగను. అంత తేలికగా నోరొస్తుందని ఆమెకు అప్పుడు తెలిసింది. ఆ రోజు వెర్నా భర్త విషయంలో అదే నోరు రాలేదు.

చెయ్యి తొడకు తుడుచుకుంది. సైటులో రాస్తుంటే చల్లటి వేళ్ళకు అక్షరాలు తప్పుతున్నాయి. చెరిపి మళ్ళీ రాసింది.

“ఆ రోజు క్లిఫ్ ఆరు పెట్టెల ఐసు తీసుకున్నాడు. పోసింది నేను. ఆరు పెట్టెలతో ఉత్తరపు తిన్నెకు ఎవరూ పోరు. నాలుగింటికి పలక చూసినప్పుడే నాకు తెలుసు. భయపడి చెప్పలేదు. తెలిసే దారి ఉంది. గ్లెనిస్ పర్డన్.”

పంపింది. అప్పటికి నాలుగూ యాభై.

ఐదు నిమిషాల తర్వాత ఆల్బీ పేరు ఆకుపచ్చగా మారింది. ఇంజనులో నీళ్ళు చేరి మెల్లగా వచ్చాడట. అతను రేవు నుంచి నేరుగా ఐసు గదికి వచ్చాడు. ఫోను చేతిలోనే ఉంది. చదివాడని ముఖమే చెబుతోంది. తిరగేసి ఉన్న ఒక పెట్టె మీద కూర్చుని బూట్లు చూసుకుంటూ ఉండిపోయాడు.

అన్ని రోజులు గంటకు పాతికమంది రాసిన సైటులో, ఆమె రాసినదాని కింద ఖాళీ. గ్లెనిస్ లాగుతూనే ఉంది. ఐదుంబావు దాటాక వెర్నా పేరు వచ్చింది.

“ఎన్నింటికి తీసుకున్నాడు?”

“ఐదుంబావుకు” అని గ్లెనిస్ రాసింది.

“నాలుగింటికే నీకు తెలుసు.”

“తెలుసు.”

సైటులో ఉన్నవాళ్ళ పేరు పక్కన చిన్న చుక్క వెలుగుతుంది. వెర్నా పేరు పక్కన ఆ చుక్క చాలాసేపు వెలుగుతూనే ఉంది. గ్లెనిస్ దాన్నే చూస్తూ నిలబడింది. తిట్టి ఉంటే బాగుండేదంది తర్వాత.

ఆరింటికి ఓటు ముగిసింది. ఎవరూ మళ్ళీ మార్చుకోలేదు. తీసేయాలన్నవాళ్ళు నలభైఒక్కమంది, ఉండాలన్నవాళ్ళు ముప్పైముగ్గురు. డెస్మండ్ ఫలితం ప్రకటించి, గ్లెనిస్ రాసినదాని గురించి తాను తీర్పు చెప్పలేనని, విచారణ అధికారికి ఉత్తరం రాయడం ఆమె ఇష్టమని ఒక వాక్యం చేర్చాడు. పావుగంట తర్వాత ఆమె తెర మీద వేలు ఆనించి లాగింది. రెండుసార్లు లాగింది. మూడోసారి కూడా లాగింది. పలక ఉండే చోట తెల్లగా ఉంది.

మర్నాడు శనివారం. నాలుగున్నరకు ఇనుప తలుపు తీసింది. గుమ్మం ముందు ఒక్క పెట్టె కూడా లేదు. దీపం కింద నిలబడి ఎదురుచూసింది. ఐదుకు ఆల్బీ వచ్చి తన మూడు పెట్టెలు పెట్టాడు. నింపింది. చేప తొట్లకు గుర్తులు వేసే నీలిరంగు మైనపు బలపం జేబులోంచి తీసింది. తలుపు చెమ్మను మోచేత్తో తుడిచి, దాని మీద పెద్ద అక్షరాలతో రాసింది: ఆల్బీ, మూడు పెట్టెలు, నాలుగింటికి తిరుగు. చోటు రాయలేదు.

ఆల్బీ చదివాడు. ఇది చూస్తే ఎవడూ నీ దగ్గరికి రాడన్నాడు మెల్లగా. తెలుసంది. అతను పెట్టెలు బండి మీదికి ఎత్తుకున్నాడు.

ఐదుంబావుకు నెవ్ వచ్చాడు. పలకరించలేదు. తలుపు మీదిది చదివి, పెట్టెలు దించకుండా చేతుల్లోనే పట్టుకుని నిలబడ్డాడు.

“ఇంకో ఊరి నుంచి తెచ్చుకుంటాను ఐసు” అన్నాడు.

“తెచ్చుకో. ఇక్కడ తీసుకుంటే మాత్రం రాస్తాను.”

“అయితే రెండే నింపు.”

“రెండు పోసుకుని దూరం పోతే చేప కుళ్ళుతుంది నెవ్.”

నెవ్ రోడ్డు అవతలకు చూశాడు. ఆమె కూడా చూసింది. అవతల దీపస్తంభం కింద వెర్నా కుక్కను పట్టుకుని నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో. ఇటు రాలేదు, వెళ్ళిపోనూ లేదు.

నెవ్ పెట్టెలు దించాడు. నాలుగు. గ్లెనిస్ పార తీసుకుని నింపింది. చెయ్యి తొడకు తుడుచుకుంది. బలపం తీసి, ఆల్బీ పేరు కింద అతని పేరు, నాలుగు పెట్టెలు అని రాసింది.